కడిగేసిన చోట పంచనామా

2025 ఏప్రిల్ 18న అమెరికా ప్రభుత్వపు కోవిడ్ వెబ్‌సైటు తెరిచినవాళ్ళకి టీకాల సంగతులు, టెస్టు కిట్ల సంగతులు కనిపించలేదు. ట్రంప్ కనిపించారు. ఇటు 'ల్యాబ్', అటు 'లీక్' అని పేద్ద పేద్ద అక్షరాలు, నడుమ నిలువెత్తున ఆయన. సినిమా పోస్టర్ మీద హీరో పేరు వేస్తారు, ఇక్కడ విలన్ పేరు వేశారు, అంతే తేడా. 12 రోజులు తిరిగేసరికి, ఏప్రిల్ 30న, బీజింగ్ నుంచి శ్వేతపత్రం వచ్చింది. మా వంతు వెతుకులాట మేం చేసేశాం, మా దగ్గర దాపరికం లేదు, ఇక వెతకాల్సింది అమెరికాలోనే అని దాని సారాంశం.

చూశారా, ఎంత సులువుగా తేలిపోయిందో! భూమ్మీద ఉన్న రెండు అతి పెద్ద ప్రభుత్వాలకి ఈ వైరస్ పుట్టిన ఊరి గురించి పిసరంత అనుమానం లేదు. వచ్చిన చిక్కల్లా ఒకటే, ఇద్దరూ చెప్పే ఊరు ఒకటి కాదు.

అనుమానం మిగిలిందల్లా శాస్త్రవేత్తలకి. అదీ అందరికీ కాదు. గ్లవ్స్ తొడుక్కుని మురుగు కాలువల్లోంచి నమూనాలు తీసినవాళ్ళకీ, జన్యుక్రమాల్ని అక్షరం అక్షరం పోల్చి చూసినవాళ్ళకీ. ఆధారాలు ఇటువైపు కాస్త ఎక్కువున్నాయి గానీ ఇంకా తేలలేదు అంటారు వాళ్ళు. అలాంటి మాట చెప్పేవాణ్ణి ఏ టీవీ చర్చకి పిలుస్తారు? పిలిచినా రెండో వాక్యం పూర్తయ్యేలోపే బ్రేక్ వస్తుంది. ల్యాబో మార్కెట్టో ఒక్క ముక్కలో తేల్చిపారేసేవాడికి మాత్రం అరగంట స్లాటు, ఆపైన ఫోన్‌లో ప్రేక్షకుల ప్రశ్నలు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? తెలుగునాట వైరస్ మూలం 2020 ఫిబ్రవరికల్లా తేలిపోయింది. కోడి. వాట్సాప్ చెప్పింది, జనం నమ్మారు, చికెన్ ధర పాతాళానికి పడిపోయింది. ఎంతగా అంటే, ఆ నెలాఖరున హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికెక్కి, కెమెరాల ముందు చికెన్ ముక్కలు నమిలి చూపించాల్సి వచ్చింది. ప్రజారోగ్య చరిత్రలో అంత రుచికరమైన ఖండన ఇంకోటి ఉండదు. దానికి ముందు, జనవరి 31న, ఢిల్లీ ఐఐటీ పరిశోధకుల బృందం ఒకటి ఈ వైరస్‌లో హెచ్‌ఐవీ పోలికలున్నాయని ఇంకా నిపుణులు సరిచూడని వ్యాసం (ప్రీప్రింట్) ఒకటి పెట్టింది. ప్రపంచమంతా మీద పడి తప్పులు పట్టింది. వాళ్ళు చూపించిన పోలికలు ఎన్నెన్నో జీవుల్లో కనిపించే చిన్న చిన్న తునకలేనని తేలింది. రెండు రోజుల్లో వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ వెటకారం చెయ్యబుద్ధి కావడం లేదు. ఈ మొత్తం కథలో అంత తొందరగా నాలుక్కరుచుకున్నవాళ్ళు మళ్ళీ ఎక్కడా తగల్లేదు మరి.

అసలు కథకి వద్దాం. పోలీసు కేసుల్లో పంచనామా అని ఒకటుంటుంది. నేరం జరిగిన చోటికి నలుగురు పెద్దమనుషుల్ని పిలిచి, ఉన్నదున్నట్టు చూపించి, కాగితం మీద రాసి, సంతకాలు తీసుకుంటారు. ఈ జబ్బు మొదట బయటపడ్డ వుహాన్‌లో ముందు నేల కడిగారు. పంచనామా సంగతి తర్వాత చూద్దామనుకున్నారు.

2019 డిసెంబరు 31న అంతుచిక్కని న్యుమోనియా గురించి వుహాన్ ఆరోగ్య శాఖ ప్రకటన చేసింది. తెల్లారి, జనవరి 1న, ఆ ఊళ్ళో చేపలూ అడవి జంతువులూ అమ్మే హ్వానాన్ మార్కెట్‌కి తాళం పడింది. మందు కొట్టేవాళ్ళు దిగారు. నమూనాలు తీయలేదని అనను, తీశారు. కుందేళ్ళు, పాములు, వీధి పిల్లులు, ఇలా మొత్తం 457 జంతు నమూనాలు. అందులో రకూన్ కుక్క ఒక్కటీ లేదు. పేరుకి కుక్కే గానీ ఇది నక్క జాతికి దగ్గర, కళ్ళ చుట్టూ నల్లటి మచ్చలుంటాయి, బొచ్చు కోసమూ మాంసం కోసమూ పెంచుతారు. ఈ వైరస్ దానికి ఇట్టే అంటుకుంటుందని, దాన్నుంచి పక్కదానికీ అంటుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. అనుమానితుడు ఊరొదిలి వెళ్ళాక వీధిలో మిగిలిన పిల్లుల్ని విచారించి, అందరూ నిర్దోషులే అని రాసుకున్నారన్నమాట.

ఈలోగా డాక్టర్ లీ వెన్‌లియాంగ్ సంగతి. ఏదో కొత్త జబ్బు వస్తోంది, జాగ్రత్త అని తోటి డాక్టర్లకి మెసేజ్ పెట్టిన కంటి వైద్యుడు. 2020 జనవరి 3న పోలీసులు పిలిపించి, వదంతులు పుట్టించానని ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరి 7న అదే జబ్బుతో కన్నుమూశాడు. ఈ కేసులో పోలీసులు తీసుకున్న సంతకం నేరం జరిగిన చోట కాదు, నేరం జరుగుతోందని చెప్పినవాడి దగ్గర. షాంఘైలో ఝాంగ్ యోంగ్‌ఝెన్ అనే శాస్త్రవేత్త జనవరి 11న వైరస్ జన్యుక్రమాన్ని లోకానికి విడుదల చేయించారు. టీకాల తయారీకి అదే పునాది. మర్నాడు ఆయన ల్యాబ్‌ని 'సరిదిద్దుకోవడం' కోసం మూసేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

ఇంకా ఉంది. గబ్బిలాల వైరస్‌ల వివరాలున్న వుహాన్ వైరాలజీ సంస్థ డేటాబేసు 2019 సెప్టెంబరులోనే బయటివాళ్ళకి మూతపడింది. హ్యాకర్ల బెడద అన్నారు. అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ భాండాగారంలో పెట్టిన తొలినాటి రోగుల జన్యుక్రమాల్ని పెట్టిన చైనావాళ్ళే తీసేయమన్నారు, తీసేశారు. సియాటిల్‌లో జెస్సీ బ్లూమ్ అనే శాస్త్రవేత్త 2021లో గూగుల్ క్లౌడ్‌లో మిగిలిపోయిన ఫైళ్ళు తవ్వి, 13 జన్యుక్రమాల్ని కొంతమేరకు బయటికి లాగారు. తీరా చూస్తే మూలం తేల్చే బ్రహ్మరహస్యమేదీ వాటిలో లేదు. మరెందుకు తీసేశారంటారా? అలవాటు. తప్పు చేసినవాడు దాస్తాడు, తప్పు చేయనివాడూ పైఅధికారికి భయపడి దాస్తాడు. దాచడమే ఉద్యోగధర్మమైన చోట ఏది నేరమో ఏది బెదురో బయట నిలబడ్డవాడికి తెలిసే దారి లేదు. దాన్ని శాస్త్రీయ అనిశ్చితి అని మర్యాదగా పిలుస్తున్నాం. శాస్త్రానికి దాంట్లో ఉన్న వాటా చాలా తక్కువ.

ఇక అవతలి ఒడ్డుకి వద్దాం. దాచిపెట్టడం నియంతల పనైతే, చూడకుండానే తేల్చిపారేయడం ప్రజాస్వామ్యాల పని. 2020 ఫిబ్రవరి 19న లాన్సెట్ పత్రికలో 27 మంది శాస్త్రవేత్తలు ఒక ప్రకటన చేశారు. ఈ వైరస్ సహజంగా పుట్టలేదనే కుట్ర సిద్ధాంతాల్ని ఖండిస్తున్నామన్నారు. అప్పటికి వుహాన్ లాక్‌డౌన్‌లోకి వెళ్ళి నెల కూడా కాలేదు. మార్కెట్లో తీసిన నమూనాల పూర్తి వివరాలు ఆ 27 మందిలో ఎవరూ చూడలేదు. అయినా ఖండించారు. ఆ ప్రకటన వెనక ఉండి నడిపించిన పెద్దమనిషి పీటర్ డాస్జాక్. అప్పట్లో ఆయన అధ్యక్షుడిగా ఉన్న ఎకోహెల్త్ అలయన్స్ ద్వారానే అమెరికా గ్రాంటు డబ్బులో కొంత గబ్బిలాల పరిశోధన కోసం వుహాన్ వైరాలజీ సంస్థకి చేరింది. ప్రకటన అడుగున తమకెవరికీ స్వప్రయోజనాలు లేవని రాసుకున్నారు. ఆ ముక్కకి సవరణ వేయడానికి లాన్సెట్‌కి 2021 జూన్ దాకా పట్టింది. ఈలోపు ఆయన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ వుహాన్ పంపిన బృందంలో వేసుకున్నారు. లాన్సెట్ మూలాల పరిశీలనకి ఏర్పాటు చేసుకున్న బృందానికి ఆయనే నాయకుడయ్యాడు. అనుమానం ఎవరింటి మీద ఉందో ఆ ఇంటికి డబ్బు పంపినాయనే పంచనామాలో మొదటి సాక్షి.

ఆయన తప్పు చేశాడని నేననడం లేదు. ఆ మాట అనడానికి ఆధారం లేదు. కానీ ప్రపంచంలో ఇంకెవరూ దొరకలేదా అని అడిగే హక్కు చదువురాని పల్లెటూరివాడికీ ఉంటుంది.

2020 మార్చి 17న నేచర్ మెడిసిన్‌లో క్రిస్టియన్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, మరో నలుగురు రాసిన వ్యాసం వచ్చింది. వైరస్‌ని ఎవరూ పనిగట్టుకుని తయారు చేయలేదని చెప్పి ఊరుకుంటే బాగానే ఉండేది. ల్యాబ్‌తో ముడిపడ్డ ఏ కథా నమ్మదగ్గదిగా లేదనే దాకా వెళ్ళారు. ల్యాబ్‌లో తయారుచేయడం వేరు, గుహలోంచి పట్టుకొచ్చిన సహజమైన వైరస్ ల్యాబ్‌లో ఎవరికో అంటుకోవడం వేరు. రెండోదాన్ని జన్యుక్రమం చూసి కొట్టిపారేయడం కుదరదు. ఆ ఏడాది జనవరి చివర్లో ఇదే ఆండర్సన్, వైరస్‌లో కొన్ని లక్షణాలు తయారుచేసినవేమో అనిపిస్తున్నాయని అప్పట్లో అమెరికా అంటువ్యాధుల సంస్థ అధిపతి ఆంథోనీ ఫౌచీకి ఈమెయిల్ రాశారు. 2023లో బయటపడ్డ వాళ్ళ అంతరంగిక సందేశాల్లో సందేహాలు ఇంకా నలుగుతూనే ఉన్నాయి. కొత్త ఆధారాలు చూసి మనసు మార్చుకున్నామంటారు వాళ్ళు. శాస్త్రంలో అది తప్పు కాదు సరికదా, అదే పని. లోపల రూపాయిలో పావలా సందేహం ఉంచుకుని బయట రూపాయికి రూపాయి ధీమా అమ్మారే, గొడవంతా అక్కడుంది. ఆ పావలా సంగతి అప్పుడే చెప్పి ఉంటే ఆ తర్వాత మూడేళ్ళు కుట్ర సిద్ధాంతాల దుకాణాలకి అంత గిరాకీ ఉండేది కాదు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఏడాది పట్టింది. అంతర్జాతీయ బృందం 2021 జనవరి 14న వుహాన్‌లో దిగింది. నాలుగు వారాల పర్యటనలో సగం హోటల్ గదుల్లో క్వారంటైన్. మిగిలిన సగంలో, వుహాన్ నగరం మహమ్మారిని ఎలా జయించిందో చెప్పే ఎగ్జిబిషన్ ఒకటి తిప్పి చూపించారు. వైరాలజీ సంస్థలో గడిపింది కొన్ని గంటలు. 2019 డిసెంబరు నాటి 174 మంది రోగుల ముడి వివరాలు అడిగితే సారాంశం చేతిలో పెట్టారు. తిరిగొచ్చి నివేదిక రాశారు. వైరస్ వచ్చిన దారులు నాలుగని, ఒక్కోదానికీ ఒక మార్కు. నడిమి జంతువు ద్వారా రావడం: చాలా వరకు జరిగి ఉంటుంది. గబ్బిలం నుంచి నేరుగా: జరిగి ఉండొచ్చు. గడ్డకట్టించిన ఆహారం ద్వారా: ఇదీ జరిగి ఉండొచ్చు. ల్యాబ్ నుంచి: దాదాపు అసంభవం. ఐసు పెట్టెలో సముద్రాలు దాటొచ్చిన చేపల ప్యాకెట్టుని అనుమానించొచ్చు, అదే ఊళ్ళో గబ్బిలాల వైరస్‌లు దాచుకున్న ల్యాబుని మాత్రం అనుమానించకూడదు. విదేశాల నుంచి వచ్చే గడ్డకట్టిన ఆహారమే కారణమన్నది బీజింగ్ అప్పటికే చాటింపు వేస్తున్న మాట. కాకతాళీయం అనుకోవాలి.

ఆ బృందానికి నాయకత్వం వహించిన పీటర్ బెన్ ఎంబారెక్, ల్యాబ్ సంగతి నివేదికలో రాయనివ్వాలంటే దానిమీద ఇంకే పరిశోధనా సిఫార్సు చేయకూడదని చైనా సభ్యులు షరతు పెట్టారని కొన్ని నెలల తర్వాత డెన్మార్క్ టీవీకి చెప్పారు. నివేదిక విడుదలైన రోజునే సంస్థ అధిపతి టెడ్రోస్, అన్ని దారులూ ఇంకా బల్లమీదే ఉన్నాయన్నారు. అంటే ఆ నివేదికని వెంటనే నమ్మనివాళ్ళలో దాన్ని రాయించినాయన మొదటివాడు.

ఇంత గందరగోళం ఉన్నచోట గూఢచారులు ఊరుకుంటారా? 2021 మే నెలలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ తన గూఢచారి సంస్థలకి 90 రోజుల గడువిచ్చి తేల్చి చెప్పండన్నారు. 90 రోజులయ్యాక తేలిందేమిటంటే, నాలుగు సంస్థలు సహజమన్నాయి, తక్కువ నమ్మకంతో. ఎఫ్‌బీఐ ల్యాబ్ అంది, ఓ మాదిరి నమ్మకంతో. సీఐఏ ఎటూ చెప్పలేనంది. 2023లో అణ్వాయుధాలు చూసుకునే ఇంధన శాఖ ల్యాబ్ వైపు జరిగింది, తక్కువ నమ్మకంతో. 2025 జనవరిలో సీఐఏ కూడా ల్యాబ్ అంది, అదీ తక్కువ నమ్మకంతోనే, కొత్త ఆధారం ఏదీ దొరక్కుండానే. కర్ర విరగలేదు, పాము చావలేదు, పత్రికలకి మాత్రం హెడ్డింగు దొరికింది. హెడ్డింగులో 'సీఐఏ తేల్చింది' అని ఉంటుంది. 'తక్కువ నమ్మకంతో' అనేది నాలుగో పేరాలో, అప్పటికి పాఠకుడు క్రికెట్ పేజీకి వెళ్ళిపోయి ఉంటాడు.

జర్మనీ గూఢచారులు ఇంకా గట్టివాళ్ళు. 2020లోనే 80 నుంచి 95 శాతం ల్యాబే అని లెక్క కట్టి, బీరువాలో పెట్టి, అయిదేళ్ళు తాళం వేశారు. 2025 మార్చిలో రెండు పత్రికలు బయటపెడితే గానీ లోకానికి తెలియలేదు. ఆ శాతం దేన్ని దేంతో భాగిస్తే వచ్చిందో చెప్పే కాగితం ఇప్పటికీ బీరువాలోనే ఉంది. ఆ మరుసటి నెలలో ఫ్రాన్స్ వైద్య అకాడమీ ల్యాబ్ వైపు మొగ్గిన ఒక నివేదికని సభ్యుల ముందు ఓటుకి పెట్టింది. 97 శాతం ఓట్లతో నెగ్గింది. వైరస్ తల్లిదండ్రులెవరో చేతులెత్తి తేల్చిన సభ బహుశా అదే మొదటిది. డిపాజిట్ కోల్పోయిన గబ్బిలం రీకౌంటింగ్ అడిగినట్టు సమాచారం లేదు.

సరే, ఇంతకీ చేతిలో ఏమున్నాయి? ఓట్లు, శాతాలు, పోస్టర్లు పక్కన పెట్టి నేలమీదకి వద్దాం.

2014లో సిడ్నీ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హోమ్స్ హ్వానాన్ మార్కెట్ చూడ్డానికి వెళ్ళి, ఒక కొట్లో బోనులో ఉన్న రకూన్ కుక్కల్ని ఫొటో తీసుకున్నారు. 2020 జనవరిలో చైనా వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) వాళ్ళు అదే మూల నుంచి, అంటే మార్కెట్ పడమటి భాగం నుంచి, తోపుడు బండినీ బొచ్చు పీకే యంత్రాన్నీ నేలనీ మురుగు కాలువనీ పుల్లలతో తుడిచి నమూనాలు తీశారు. వాటిలో వైరస్ ఉంది. ఆ పుల్లల మీదే రకూన్ కుక్క డీఎన్‌ఏ కూడా ఉంది. ఈ రెండో సంగతి మూడేళ్ళు బయటికి రాలేదు. 2023 మార్చిలో ఒక జన్యు డేటాబేసులో ఆ ఫైళ్ళు కనపడితే ఫ్లోరెన్స్ డెబార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గమనించారు. ఆమె సహచరులు డౌన్‌లోడ్ చేసుకుని, కలిసి పనిచేద్దామా అని చైనా వాళ్ళని మర్యాదగా అడిగారు. అడిగాక ఫైళ్ళు మాయమయ్యాయి. హ్వానాన్‌లో బతికున్న అడవి జంతువులు అమ్మారనడానికి ఆధారం లేదని 2021 నివేదికలో చెప్పించిన ప్రభుత్వానికి అంతకంటే ఏం చేయాలో తోచి ఉండదు. ఆ నివేదిక వచ్చిన మూడు నెలలకే ఇంకో వ్యాసం వచ్చింది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మీద పనిచేస్తున్న పరిశోధకులు వుహాన్ మార్కెట్లలో నెలనెలా తిరిగి లెక్క రాసుకున్నారట. 2017 మే నుంచి 2019 నవంబరు దాకా 17 కొట్లలో 38 జాతుల జంతువులు, మొత్తం 47,381. వాటిలో రకూన్ కుక్కలూ ఉన్నాయి.

అయితే కేసు తేలిపోయినట్టేనా? కాదు. వైరస్సూ కుక్క డీఎన్‌ఏ ఒకే పుల్ల మీద దొరికినంత మాత్రాన కుక్కకి జబ్బు చేసినట్టు కాదు, ఆ బండి తోసినవాడు దగ్గి ఉండొచ్చు. ఇందాకటి జెస్సీ బ్లూమే లెక్కలు వేస్తే, వైరస్‌తో అన్నిటికంటే ఎక్కువగా కలిసి కనిపించినవాటిలో చేపల డీఎన్‌ఏ ముందుంది. చేపలకి కోవిడ్ రాదు. ఇంకోపక్క మైకేల్ వొరోబీ అనే శాస్త్రవేత్త బృందం 2019 డిసెంబరు నాటి 155 మంది రోగుల ఇళ్ళని మ్యాపు మీద గుర్తిస్తే, మార్కెట్‌తో ఏ సంబంధమూ లేనివాళ్ళ ఇళ్ళు కూడా మార్కెట్ చుట్టూనే మూగి ఉన్నాయి. మొదట్లో మార్కెట్ దగ్గరే వెతికారు కాబట్టి మార్కెట్ దగ్గరే దొరికారన్నది దీనికి ఆక్షేపణ. తీసిపారేయదగ్గది కాదు. ఈ వొరోబీ 2021 మేలో, ల్యాబ్ కోణాన్ని కూడా సరిగ్గా విచారించండని సైన్స్ పత్రికలో లేఖ రాసిన 18 మందిలో ఒకరు. ఆ తర్వాత తానే విచారించి మార్కెట్ దగ్గర తేలారు. ఈ పద్ధతికి ఓట్లు పడవు.

ల్యాబ్ వైపు ఉన్నవి కూడా ఊసుపోక చెప్పేవి కావు. గబ్బిలాల కరోనా వైరస్‌ల మీద ప్రపంచంలోనే పేరున్న సంస్థ అదే ఊళ్ళో ఉంది. 2012లో యునాన్ రాష్ట్రం మోజియాంగ్‌లో పాడుబడ్డ గనిలో గబ్బిలాల రెట్ట ఎత్తిన ఆరుగురు కూలీలకి ఊపిరితిత్తుల జబ్బు చేసి, ముగ్గురు చనిపోయారు. ఆ గనికి వెళ్ళి వుహాన్ వాళ్ళు తెచ్చుకున్న నమూనాల్లోనే, ఈ వైరస్‌తో 96.2 శాతం కలిసే ఆర్‌ఏటీజీ13 ఉంది. కరోనా వైరస్‌లతో కొన్ని పనులు బీఎస్‌ఎల్-2 అనే జీవభద్రత స్థాయి గదుల్లో చేసేవాళ్ళమని అప్పట్లో ఆ సంస్థలో గబ్బిలాల పరిశోధనకి పెద్ద అయిన షి ఝెంగ్లీయే చెప్పారు. అది ఇలాంటి వైరస్‌కి చాలే భద్రత కాదు. 2018లో ఎకోహెల్త్, వుహాన్, అమెరికా పరిశోధకులు కలిసి అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకి పెట్టుకున్న దరఖాస్తులో, ఇలాంటి వైరస్‌లలో, కణంలోకి దూరడానికి తోడ్పడే కత్తిరింపు స్థానాలు చొప్పించి చూస్తామని ఉంది. మన వైరస్ మనుషుల్లో అంత జోరుగా పాకడానికి కారణాల్లో అలాంటి కత్తిరింపు స్థానం ఒకటి. డార్పా డబ్బివ్వలేదు. ప్లాను కాగితం దొరికింది, పని జరిగిందనడానికి రసీదు దొరకలేదు. 96.2 శాతం అంటే వినడానికి అన్నదమ్ముల్లా ఉంటుంది గానీ, మిగిలిన తేడా వైరస్ కాలమానంలో దశాబ్దాల ఎడం. లావోస్ గబ్బిలాల్లో దొరికిన మరోటి 96.8 శాతం కలిసింది, దానికి వుహాన్ ల్యాబుతో సంబంధం లేదు. మహమ్మారికి ముందు ఆ ల్యాబులో ఈ వైరస్ గానీ, దీన్ని కన్నదని చెప్పదగ్గది గానీ ఉందనడానికి ఇవ్వాళ్టికీ ఒక్క ఆధారం లేదు.

నన్నడిగితే తక్కెడ మార్కెట్ వైపే వంగుతుంది. ల్యాబ్ వాదం బరువంతా దాచినవాటి మీద ఆధారపడి ఉంది, మార్కెట్ వాదానికి దాచలేకపోయినవి కొన్ని మిగిలాయి. అయినా ల్యాబ్ మాట ఎత్తినవాణ్ణి పిచ్చివాడనే ముందు పాత రికార్డు చూసుకోవాలి. 1977లో ప్రపంచమంతా తిరిగిన ఫ్లూ వైరస్ 1950ల నాటి వైరస్‌కి నకలులా ఉంది. దాదాపు పాతికేళ్ళు ఎదుగూ బొదుగూ లేకుండా ఫ్రిజ్‌లో తప్ప ఇంకెక్కడ ఉంటుంది? 2004లో సార్స్ వైరస్ బీజింగ్‌లోని ల్యాబ్ నుంచే బయటికొచ్చి జనానికి అంటుకుంది. ల్యాబులు కారతాయి. మార్కెట్లూ కారతాయి. ఈసారి ఏది కారిందన్నదే ప్రశ్న.

దానికి జవాబు ఎంత కాలానికి దొరుకుతుందో కూడా అనుభవం ఉంది. 2002లో మొదలైన సార్స్‌కి 2003లోనే గ్వాంగ్‌డాంగ్ మార్కెట్లో పునుగు పిల్లి జాతి జంతువు దొరికిపోయింది. తిరుమల వేంకటేశ్వరుడికి తైలం ఇచ్చే మన పునుగు పిల్లికి దూరపు చుట్టం. పాపం, వేల సంఖ్యలో చంపేశారు. దానికి అంటించింది గుహల్లో ఉండే గబ్బిలమని తర్వాత తెలిసింది. ఆ వైరస్ ముక్కలన్నీ ఒక్కచోట దొరికే యునాన్ గుహ గురించి వ్యాసం అచ్చయ్యేసరికి 2017. పదిహేనేళ్ళు, అదీ ఎవరూ ఎవరి మీదా పోస్టర్లు వేయకుండా ఉంటే. ఆ గుహని పట్టిచ్చిన షి ఝెంగ్లీ బృందమే ఇవ్వాళ బోనులో నిలబడి ఉంది.

పోస్టర్లు వేయడం కూడా కొత్తేం కాదు. 1918 ఫ్లూ ఎక్కడ పుట్టిందో నూరేళ్ళ తర్వాత కూడా కాన్సాసా, ఫ్రాన్సా, చైనానా అని తగువులాడుకుంటున్నారు. పేరు మాత్రం స్పెయిన్‌కి పడింది. యుద్ధంలో లేని స్పెయిన్‌లో పత్రికలకి సెన్సారు లేదు, జబ్బు వచ్చిందని నిజం రాశాయి, దానికి శిక్ష అది. 1983 జులైలో ఢిల్లీ నుంచి వెలువడే పేట్రియాట్ అనే పత్రికలో, పేరు లేని అమెరికా శాస్త్రవేత్త రాసినట్టుగా ఒక ఉత్తరం అచ్చయింది. ఎయిడ్స్‌ని అమెరికా సైన్యం ఫోర్ట్ డెట్రిక్ ల్యాబులో తయారు చేసిందని అందులో ఉంది. ఆ ఉత్తరం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ అల్లింది. మన గడ్డ మీద నాటిన ఆ మొక్క దేశదేశాలకీ పాకింది. 2020 మార్చి 12న చైనా విదేశాంగ ప్రతినిధి ఝావో లిజియన్, వైరస్‌ని వుహాన్‌కి తెచ్చింది అమెరికా సైన్యమేమో అన్నారు. ఆ తర్వాత చైనా వేలెత్తి చూపించిన ల్యాబ్ ఏదో చెప్పుకోండి. ఫోర్ట్ డెట్రిక్! నలభై ఏళ్ళలో వైరస్‌లు ఎన్నో వేషాలు మార్చాయి, అబద్ధానికి మాత్రం చిరునామా మార్చుకునే ఓపిక కూడా లేదు.

2025 జూన్ 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన స్వతంత్ర నిపుణుల బృందం తన నివేదిక ఇచ్చింది. అందుబాటులో ఉన్న ఆధారాల బరువు జంతువుల వైపే ఉందనీ, ల్యాబ్ సంగతి విచారించడానికీ కొట్టిపారేయడానికీ కావాల్సిన సమాచారం రాలేదనీ, అన్ని దారులూ తెరిచే ఉన్నాయనీ రాసింది. ఆ మాటల మీద కూడా ఏకాభిప్రాయం లేదు, ఒకరు రాజీనామా చేశారు, ముగ్గురు తమ పేర్లు తీసేయమన్నారు. చైనాని అడిగినవి మూడు. తొలినాటి రోగుల వందలాది జన్యుక్రమాలు, మార్కెట్లో అమ్మిన జంతువుల వివరాలు, ల్యాబుల్లో జరిగిన పనులూ భద్రతా. మూడూ రాలేదు. మీ దగ్గర ఏమున్నా బయటపెట్టండని మిగతా దేశాలనీ బతిమాలారు. అమెరికా ఆ సంస్థ నుంచే బయటికి పోతున్నట్టు ఆ జనవరిలోనే సంతకం చేసేసింది. జర్మనీ బీరువా తెరవలేదు. సీఐఏ తక్కువ నమ్మకం వెనక ఉన్న కాగితాలు ఎవరికీ చూపించలేదు. చైనాని అడిగితే దేశ భద్రత అంటుంది, అమెరికాని అడిగినా దేశ భద్రతే అంటుంది. లెక్కలోకెక్కినవాళ్ళే 70 లక్షల మందికి పైగా చచ్చాక ఇంకా కాపాడుకోవాల్సిన భద్రత ఏం మిగిలిందో, అదీ ఆ ఫైళ్ళలోనే ఎక్కడో రాసి ఉంటుంది.